గురమ్మ పువ్వు

బస్సు పల్లె మలుపు తిరుగుతుంటే ఉమాశంకర్ మాస్టారు కిటికీలోంచి మొహం ఇవతలికి తిప్పేసుకున్నాడు. బోటనీ టూర్‌కి కొండలకు వెళ్దామని ఎంత చెప్పినా పిల్లలు వినలేదు, సముద్రమే కావాలన్నారు. వద్దనడానికి కారణం చెప్పాలంటే ఆ ఒడ్డున చేపలమ్ముకునే గురమ్మ సంగతి చెప్పాలి. అది చెప్పుకునే మొహం ఆయనకు లేదు.

సంగతేమిటంటే, పోయిన చలికాలంలో ఈయన ఒంటరిగా ఈ ఒడ్డుకే వచ్చాడు. గురమ్మ నెత్తళ్ల చేపలు ఎండబెట్టుకునే ఇసుక మెరక వారన పసుపుపచ్చ పూల తీగ ఒకటి కంటపడింది. అడవి చామంతుల్లో వెడీలియా రకం. వేడి దేశాల్లో దాని అక్కచెల్లెళ్లు బోలెడన్ని ఉన్నాయి గానీ, ఇంత చిన్న ఆకు, ఇంత దళసరి ఆకు, అంచు చీలని ఆకు దేనికీ లేదని ఈయనగారి లెక్క. లోకానికి తెలియని కొత్త మొక్క తనకే దొరికిందని ఉబ్బి తబ్బిబ్బయిపోయాడు.

ఆ సంబరంలో గురమ్మను కూర్చోబెట్టి పాఠం కూడా చెప్పాడు.

"ఇది ఒక పువ్వు కాదు గురమ్మా. మధ్యలో బొడ్డుందే, అందులో ఒక్కో చుక్కా ఒక్కో పువ్వు. చుట్టూ ఉన్న ఒక్కో రేకూ మళ్లీ ఒక్కో పువ్వు."

"అయితే మా ఇంటినాగే బాబూ. బయటికొకటే గుమ్మం, నోపలంతా జనం," అని ఆవిడ పకపకా నవ్వింది.

"మేకలు తినెయ్యకుండా చూడు. కొత్తదని తేలితే పుస్తకాల్లో నీ పేరే పెడతాను," అన్నాడు. ఆవిడేమీ అడగలేదు. అడగని వరాలివ్వడం మన మాస్టారికి సరదా.

నెల తిరక్కుండానే, ఈయన ఫొటోలు పంపిన పెద్ద శాస్త్రవేత్త దగ్గర్నుంచి జవాబొచ్చింది. అది నర్సరీల్లో అమ్మే మామూలు వెడీలియా. ఉప్పుగాలికీ ఎండకీ ఆకు కుంచించుకుపోయింది, నీళ్లు పోస్తే ఆకుకుండే మూడు చీలికలూ వచ్చేస్తాయి, అంతే. ఎక్కడో అవతలి ఖండం నుంచి తెచ్చి రోడ్డు డివైడర్ల మీద నాటే తీగ. విజయనగరంలో రోజూ ఈయన స్కూటరు దాని పక్కనుంచే పోతుంది! తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గురమ్మకు వెళ్లి ఒక్క మాట చెప్పాలనుకున్నాడు. రేపనీ, ఎల్లుండనీ వానాకాలం దాకా లాగాడు.

ఇప్పుడు పిల్లలను నీళ్లవైపు తోలేసి, తాటిచెట్ల చాటున కాలక్షేపం చేద్దామనుకున్నాడు. కుదరలేదు.

"బాబూ! మాస్టారు బాబూ! ఇన్నాల్లకి గుర్తొచ్చినానేటి?"

గురమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మెరక ఉన్నచోటే ఉంది గానీ, ఇసుక కనబడదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా పచ్చటి తీగ, మీద పసుపు పూలు. ఆకులన్నీ మూడేసి చీలికలతో నవనవలాడుతున్నాయి. ఆ తీగకు విత్తనంతో పనేముంది, కణుపు నేలను తాకితే చాలు, అక్కడే వేరు దించేస్తుంది. చుట్టూ పాత వలతో దడి. దడి పక్కన బిందె.

"నీళ్లు పోశావా?" అన్నాడు.

"పొయ్యకపోతే సచ్చిపోదా బాబూ? మా కోడలు పీకెత్తానంటే సీపురు తిరగేసినాను."

"మరి చేపలు?"

"రోడ్డు మీద ఆరబోత్తన్నాను. సగం లారీల కిందికే పోతన్నాయి. ఏటి సేత్తాం, మీరు అప్పగించినారు గదా." ఆవిడ మొహం ఇంకా విప్పారింది. "విజీనారంలో సూసినాను. రోడ్డు మద్దిలో బారుగా నాటించినారు మన మొక్కని! ఆటోలో అందరికీ సెప్పినాను, అది నా పేరు పువ్వని."

ఉమాశంకర్ చెవులు భగ్గుమన్నాయి. అవునని ఊరుకుంటే పోయె. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అలా అనబోయినందుకు ఇంకా సిగ్గేసింది. తలొంచుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అది కొత్త మొక్క కాదని, ఎవరి పేరూ పెట్టలేదని, డివైడర్ల మీద తను నాటించలేదని. చెబుతూనే వంగి తీగను పట్టి లాగడం మొదలెట్టాడు.

"పీకేస్తాను గురమ్మా, మొత్తం నేనే పీకేస్తాను."

గుప్పెడు ఆకులు చేతికొచ్చాయి. వేళ్లు నేలలోనే ఉండిపోయాయి.

"మీకెప్పుడు తెలిసినాది?" అంది గురమ్మ.

"శివరాత్రికి ముందే."

"మరి రానేదేటి?"

"సిగ్గేసింది."

"మీకు సిగ్గేసినాది, ఇంటికాడ ఉండిపోయినారు. నానెక్కడుండను బాబూ? పల్లంతా సెప్పుకున్నాను. నా ఇల్లిక్కడే గదా."

ఇంతలో పిల్లలు తడికాళ్లతో మెరక ఎక్కి వచ్చారు.

"అబ్బ, ఎంత బాగున్నాయో! ఇదేం పువ్వు మామ్మా?" అని అడిగింది ముందున్న పిల్ల.

గురమ్మ అలవాటు కొద్దీ నోరు తెరిచింది. తెరిచి, మళ్లీ మూసేసింది. కొంగు దులుపుకుని ఇంటివైపు తిరిగింది.

"నాకేటి తెల్సమ్మా," అంది. "మీ మాస్టార్నే అడగండి."