అరువు తెచ్చుకున్న భయం

“శాలినీ! అమ్మాయ్ శాలినీ!”

కింద వాటాలోంచి ఈ కేక వినిపించిందంటే బొద్దింక కనబడిందన్నమాట. చేతిలో ఉన్న నాటిక కాగితాలు మంచం మీద పడేసి, చీపురు పట్టుకుని మెట్లు దిగుతాను. వించిపేటలో ఆ పాత మేడ కుల్సుం ఆంటీ వాళ్లది. కింద వాళ్లుంటారు, పైన ఒక గది నాకు అద్దెకిచ్చారు. ముగ్గురు పిల్లల్ని పెంచి, ఇద్దరికి పెళ్లిళ్లు చేసిన మనిషి, బొద్దింకని చూస్తే మాత్రం దివాను ఎక్కేస్తుంది.

“నాటకాలాడే పిల్లకి ఇల్లివ్వొద్దని మా వాళ్లందరూ గోల పెట్టారు,” అంటుంది ప్రతిసారీ, నేను దాన్ని కొట్టి బయట పారేశాక. “నువ్వు లేకపోతే ఈపాటికి ఇల్లు వీటి పేర రాసిచ్చి పోయేదాన్ని.”

నాకు పురుగూ పుట్రా అంటే భయం లేదు. మోపిదేవి దగ్గర పొలం పనులు చేసుకునే ఇంట్లో పుట్టాను. కోతలప్పుడు మా నాన్న గట్ల వెంట ఎలుక బొరియలు తవ్వుతుంటే పక్కనే నిలబడేదాన్ని. గడ్డివాములో పాము కనిపిస్తే మా అమ్మ “కాస్త ఇటు జరుగు” అనేది, అంతే. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. పగలు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతాను, సాయంత్రాలు రిహార్సళ్లకి వెళతాను.

చివరికి ఆ భయం లేకపోవడమే నా మీదికొచ్చింది.

చల్లపల్లిలో జరిగే నాటిక పోటీలకి మా నాటక సమాజం వేస్తున్న నాటికలో నాది కోడలి వేషం. వరద వచ్చిన రాత్రి, ఇంట్లో నీళ్లు, మంచం మీద నిద్రపోతున్న అత్త. ఆవిడ తలగడ పక్కన పాము. ఆ పాము స్టేజి మీద ఉండదు, నా మొహంలో కనిపించాలి. నేను కేక పెట్టాలి. వారం నుంచి పెడుతూనే ఉన్నాను.

“గొంతు బానే ఉందమ్మా,” అన్నారు డైరెక్టర్ ఆరోన్ మాస్టారు. “భయమే లేదు. బస్సాపమని కండక్టర్ని పిలిచినట్టుంది.”

అత్త వేషం వేసే కనకలక్ష్మిగారు పడుకున్నచోటే పక్కున నవ్వారు. మాస్టారు నవ్వలేదు. “రేపు సాయంత్రానికి ఆ భయం రాకపోతే తెనాలి నుంచి వేరే ఆర్టిస్టుని పిలవాల్సొస్తుంది. ఏమీ అనుకోకు.”

అనుకోనని చెప్పి వచ్చేశాను. అంతవరకూ నాకిచ్చినవి పనిమనిషి, పక్కింటావిడ, ఒకసారి నర్సు. ఇదే మొదటి పెద్ద వేషం.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి నేరుగా కుల్సుం ఆంటీ వంటింట్లోకి వెళ్లాను. ఆవిడ పీట మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. ఎదురుగా కూర్చున్నాను.

“ఆంటీ, బొద్దింకని చూస్తే మీరెలా భయపడతారో ఒక్కసారి చేసి చూపించరా?”

“ఏం, ఎగతాళిగా ఉందా?”

“కాదాంటీ. వేషం పోయేలా ఉంది.”

సంగతంతా చెప్పాను. ఆవిడ గోంగూర పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, గోడ వైపు చూసి, “వామ్మో!” అంది. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

“నాకంటే నువ్వే నయం,” అని మళ్లీ గోంగూర అందుకుంది.

అప్పుడే సింకు కింద గొట్టం పక్కనుంచి ఒకటి బయటికొచ్చింది. రెక్కల బొద్దింక. గోడెక్కి, ఒక్కసారిగా ఎగిరి నా మీదికి వచ్చింది.

ఆంటీ కేక పెట్టలేదు. నోరు తెరిచింది గానీ గొంతు రాలేదు. కళ్లు ఆ పురుగు మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం వచ్చి నా తలని గుండెకి అదుముకుంది, కొంగు నా మొహం మీద కప్పేసింది. ఆ చెయ్యి గోంగూర వాసన వేస్తోంది. ఇన్నాళ్లూ నేను విన్న కేకలన్నీ ఆవిడ దివాను ఎక్కాక పెట్టినవి. దానికి ముందు ఏం జరుగుతుందో నేనెప్పుడూ చూడలేదు.

“కొట్టవే,” అంది చివరికి, గుసగుసగా. లేచి కొట్టాను.

ఆ సాయంత్రం రిహార్సల్లో నేను కేక పెట్టలేదు. తలగడ పక్కకి చూశాను. నా చెయ్యి వెళ్లి కనకలక్ష్మిగారి తలని నా మీదికి లాక్కుంది, కొంగు కప్పింది. ఆవిడ బిత్తరపోయి “ఏంటే, ఏముందే?” అన్నారు. కాగితాల్లో లేని మాట అది.

మాస్టారు పెన్ను తీసి తన కాగితాల్లో రాసుకున్నారు. తర్వాత, “ఆ మాట కూడా ఉంచెయ్యండి,” అన్నారు. తెనాలికి ఫోను చెయ్యలేదు.

చల్లపల్లికి కుల్సుం ఆంటీని కూడా తీసుకెళ్లాను. ఎప్పుడూ నాటకం చూడని మనిషిని ముందు వరసలో కూర్చోబెట్టాను. నేను తలగడ వైపు చూసినప్పుడు ముందు వరసలో కుర్చీలు కిర్రుమన్నాయి. సీను అయ్యాక తెర పక్కకి వచ్చి తొంగిచూస్తే, ఆంటీ రెండు కాళ్లూ ప్లాస్టిక్ కుర్చీ మీదికి ఎత్తేసి కూర్చుంది. చెప్పులు కిందే ఉన్నాయి. పక్కనున్న పెద్దాయనవి కూడా.

తిరుగు బస్సులో ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఎలా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

“ఆ భయం మీదే ఆంటీ. మీ దగ్గరే తెచ్చుకున్నాను.”

“ఎంత కావాలంటే అంత తీసుకో తల్లీ,” అంది. “నా దగ్గరింకా బోలెడుంది.”

ఉయ్యూరు దాటేదాకా ఆవిడ చెయ్యి నేను వదల్లేదు.