రెండో కొస

గొయ్యిలోకి దించిన ఇనుప కడ్డీని వాల్వు తలకు తగిలించి, నీళ్ళాయన పైనున్న అడ్డపిడి ఒక కొసను పట్టుకుని నిలబడ్డాడు. రెండో కొస పట్టాల్సిన బావ ఇంకా రాలేదు. అరచేతులకు తుప్పు అంటింది. చొక్కా అంచుకు తుడుచుకుని దారివైపు చూశాడు.

ట్యాంకు ఎగువపేటలో ఉంది. దిగువపేటకు నీళ్ళు ఈ వాల్వు దాటే వెళ్ళాలి. గొట్టాలు వేసిన రోజుల్లోనే పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. పిడికి ఒక కొస ఎగువవాడు పట్టాలి, ఒక కొస దిగువవాడు పట్టాలి. ఒంటరిగా ఎవడూ తిప్పలేనట్టు పిడిని పొట్టిగా చేయించారు. ఒకడికి కోపమొస్తే ఇంకొకడి గొంతు ఎండకూడదని వాళ్ళ ఉద్దేశం.

రేపటి నుంచి ఎగువపేట వేరే దేశం. దిగువపేట పాత దేశంలోనే ఉంటానని ఓటేసింది. నీళ్ళాయన విడిపోవడానికే ఓటేశాడు. పాత దేశపు కచేరీలో తన నాన్నను, ముందు మనిషిలా మాట్లాడటం నేర్చుకు రమ్మని గెంటేసిన సంగతి అతను మరిచిపోలేదు. దేవుడికి దండం పెట్టుకుని మరీ వేశాడు ఆ ఓటు. కానీ అప్పటి నుంచి ఎవరిని చూసినా అనుమానమే. దిగువపేటలో ఉండే మీ అక్క మొగుడి చూపు మునుపటిలా లేదు, కనిపెట్టుకుని ఉండమని భార్య పొద్దున్నే హెచ్చరించింది.

బావ మెల్లగా నడిచి వచ్చాడు.

"ఏం బావా, ఆలస్యమైంది?"

"మీ అక్క వంటిల్లు వేరే దేశమట రా. ఆవిడ ఒప్పుకుంటేగానీ కాఫీ పుట్టదు."

నీళ్ళాయన నవ్వలేదు. ఇద్దరూ పిడి మీద ఒళ్ళు వాల్చి తిప్పారు. బావ మెడ నరాలు ఉబ్బాయి. భూమిలోపల గొట్టం దగ్గి, గరగరమని, నీళ్ళు దిగువకు కదిలాయి. బావ ఒగరుస్తూ గట్టు మీద కూర్చున్నాడు.

"ఇష్టం లేనివాళ్ళతో కాపురం చెయ్యలేమని మీరు వేరుపడ్డారు. న్యాయమే. మీతో రామని మా పేట ఆగిపోయింది. అదీ న్యాయమే. మా పేటలో మా ఇల్లొక్కటీ మీతో వస్తానంటే?"

"ఇల్లొక్కటి దేశమవుతుందా బావా?"

"మరి ఎన్ని ఇళ్ళయితే అవుతుందిరా?"

నీళ్ళాయన వంగి గొయ్యిలోకి చూశాడు. నాచేత ఏదో ఒకటి అనిపించి, కింద ఎవరికో మోసుకెళ్ళడానికి అడగడం లేదు కదా అనుకున్నాడు. బావ ప్యాంటుకు అంటిన మట్టి దులుపుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఎగువపేట పెద్ద అతన్ని సందు మొగలో ఆపాడు. రేపటి నుంచి రెండో మనిషి రానక్కర్లేదని, వాల్వు ఇక మనదేనని చెప్పాడు. మరి కిందివాళ్ళ నీళ్ళ మాటేమిటని నీళ్ళాయన అడిగాడు.

"అవన్నీ నీకెందుకు? మేం చూసుకుంటాంగా."

ఆ గొంతులోని ధోరణి అతనికి కొత్తది కాదు. కచేరీలో నాన్న పక్కన నిలబడి విన్నదే. ఒంటరిగా ఎలాగూ తిప్పలేను గదా అని సర్దిచెప్పుకున్నాడు. ఆ ఊరటతోనే కారుతున్న కుళాయి ఒకటి బాగుచేశాడు. ఇంటికి వెళ్ళి దేవుడి ముందు కూర్చుని, మేం చేసింది న్యాయమేనా స్వామీ అని అడిగాడు. ఎప్పుడూ నెమ్మదించే మనసు ఆ పూట నెమ్మదించలేదు.

సాయంత్రం వాల్వు కట్టే వేళకు బావ రాలేదు. చూశావా, అనుకున్నాడు నీళ్ళాయన, అనుమానం నిజమైనందుకు కొంత తృప్తిగా కూడా. అంతలో దిగువ నుంచి పాలమనిషి సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. పైవాళ్ళ మనిషని నిన్న రాత్రి ఎవరో బావ తలుపు మీద బొగ్గుతో రాశారట. మధ్యాహ్నం ఆయన సామానంతా బండికెత్తించి, అక్కను ఎక్కించుకుని వెళ్ళిపోయాడట.

"ఎటు పోయారు?"

"ఇటూ కాదు, అటూ కాదు. చాలా దూరం అన్నారు. వెళ్ళేముందు ఒకసారి పైకొచ్చి వెళ్ళాడుగా, నీకు కనబడలేదా?"

నీళ్ళాయన గొయ్యి దగ్గరికి నడిచాడు. వాల్వు మీద నిలిపిన కడ్డీ పిడికి, తన కొసకే, బారెడు ఇనుప గొట్టం తొడిగి ఉంది. దాన్ని పట్టుకుని కొద్దిగా లాగాడు. ఇద్దరి బలానికి గానీ లొంగని వాల్వు ఒక్కడికే కదిలింది. కట్టడానికైనా, తెరవడానికైనా ఇక అతనొక్కడు చాలు. బావ ఏది కోరి దీన్ని తొడిగాడో చెప్పేవాళ్ళు లేరు.

చేయి తీసేశాడు. గొట్టం చివర, అరచేతికి ఒరుసుకోకుండా, అక్క పాత చీర పేలిక ఒకటి వరస మీద వరసగా బిగించి చుట్టి ఉంది.