బోడిగుండుకీ మోకాలికీ

ఎంతటి చిక్కుజుట్టయినా కత్తెరక్క దువ్వెనకు చిక్కాల్సిందే. వీధిలో ఆడవాళ్ల తలలన్నీ ఆవిడ సెలూన్లోనే ఓ దారికి వచ్చేవి. అలాంటి మనిషి తలే కొన్నాళ్లుగా దారి తప్పింది. దువ్వెన నిండా జుట్టు, పాపిట పక్కన ఖాళీ స్థలం. కత్తెర పట్టిన దానికే జుట్టు నిలవదంటే కుర్చీలో ఎవరు కూర్చుంటారు? అందుకని తలకు పూల రుమాలు చుట్టి, గుట్టుగా జుట్టు మాత్రలు మొదలుపెట్టింది. మొగుడికి కూడా చెప్పలేదు. పక్కగదిలో మగవాళ్లకు క్షవరం చేసే ఆయనది అద్దంలాంటి బట్టతల. "మా జట్టులోకి రా" అంటాడని భయం.

థైరాయిడ్ మాత్ర మాత్రం గుట్టేమీ కాదు. ఏళ్లుగా రోజూ పరగడుపున వేసుకునేదే. అయినా ఈమధ్య ఒకటే నీరసం, మిట్టమధ్యాహ్నం కూడా చలి. డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. ముట్లుడిగిన వయసు కదా అని ఎముకల స్కాను కూడా చేయించింది.

రిపోర్టులు వచ్చాయి. టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ. అంటే మాత్ర మోతాదు మించిందని, అలా మించితే ఎముక అరిగిపోతుందని, స్కానులో అప్పుడే కాస్త పలచన కనిపిస్తోందని చెప్పి, మోతాదు తగ్గించడానికి డాక్టరమ్మ కలం తీసింది.

"ఎముక లేని చెయ్యి అని దాతల్ని అంటారండీ. మా ఆవిడ ఏమీ ఇవ్వకుండానే ఆ బిరుదు కొట్టేసేలా ఉంది" అన్నాడు వెంట వచ్చిన మొగుడు. ఎవరూ నవ్వలేదు. అన్నవాడికీ నవ్వు రాలేదు.

కత్తెరక్క శాలువా ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. ఉన్న మోతాదుతోనే కాళ్లు నిలవడం లేదు. ఇంకా తగ్గిస్తే కుర్చీ వెనక నిలబడాల్సిన మనిషి కుర్చీలో కూలబడాలి, సెలూన్ మూసుకోవాలి. తగ్గించకపోతే ఎముకలకు ఎసరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంతలో డాక్టరమ్మ కలం ఆగింది. మోతాదు ఎక్కువైన మనిషికి ఉక్కపోయాలి, గుండె దడదడలాడాలి. ఈవిడేమో శాలువా కప్పుకుని వణుకుతోంది, నాడి నత్తనడక నడుస్తోంది.

"రిపోర్టు ఒకటి చెబుతోంది, మీ ఒళ్లు ఇంకోటి చెబుతోంది. వేరే మాత్రలేమైనా వేసుకుంటున్నారా అమ్మా?"

"అబ్బే, నాకు తెలియకుండా ఏం వేసుకుంటుందండీ" అన్నాడు మొగుడు ధీమాగా.

తలూపితే గుట్టు నిలిచేది. కత్తెరక్క తలూపలేదు. రుమాలు విప్పింది. సంచిలో దువ్వెనల అడుగునుంచి జుట్టు మాత్రల సీసా తీసి బల్ల మీద పెట్టి, "మీరు నవ్వుతారని చెప్పలేదు" అంది మొగుడితో.

"నవ్వడానికి నా నెత్తిమీద మాత్రం ఏముందే?" అన్నాడాయన మెల్లగా.

డాక్టరమ్మ సీసా మీది అక్షరాలు చదివి కలం మూసేసింది. అందులో బయోటిన్ అనే విటమిన్ దండిగా ఉంది. అది ఒంట్లో హార్మోనును కదిలించకపోయినా, పరీక్ష చేసే యంత్రాన్ని పక్కదారి పట్టించి, లేని ఎక్కువను చూపించగలదట. కొన్నాళ్లు ఆ సీసా మానేసి మళ్లీ పరీక్ష చేయించుకోమంది. అందాకా థైరాయిడ్ మాత్ర ఆపొద్దని, మోతాదూ మార్చొద్దని రెండుసార్లు చెప్పింది.

"బోడిగుండుకీ మోకాలికీ ముడేమిటనేవాణ్ణి. మా ఇంట్లోనే పడింది" అని గొణిగాడు మొగుడు. ఈసారి డాక్టరమ్మ నవ్వింది.

రెండో పరీక్షలో అసలు సంగతి బయటపడింది. మోతాదు ఎక్కువ కాదు, చాలడం లేదు. జుట్టు రాలడానికీ అదే కారణం కావచ్చంది డాక్టరమ్మ. మోతాదు కాస్త పెంచింది. ఎముకల పలచన వయసు తెచ్చిందేనని, రోజూ నడవమని, కాల్షియం మాత్రను థైరాయిడ్ మాత్రకు ఎడంగా రాత్రిపూట వేసుకోమని చెప్పింది.

చలికాలం ముదిరేసరికి కత్తెరక్క మళ్లీ కుర్చీ వెనక నిటారుగా నిలబడింది. పాపిట పక్కన పసిజుట్టు పొడుచుకొస్తోంది. రుమాలు ఏదని అడిగిన వాళ్లకు కత్తెరతోనే పక్కగది చూపిస్తోంది. అక్కడ ఆయన ఆ పూల రుమాలు నెత్తికి చుట్టుకుని, ఎవరికో గడ్డం గీస్తూ, "మా ఆవిడ చలి నాకు బదిలీ అయిందండీ" అని చెప్పుకుంటున్నాడు.