సన్నబడే చోటు

కుర్చీని జానెడు వెనక్కి జరిపి, మొహం కుడివైపు కిటికీకేసి తిప్పి, రెండు పెద్ద స్పీకర్లనీ ఆపేసి, బల్ల మూలనున్న చిన్న స్పీకరు ఒక్కదాన్నే ఉంచింది పిన్ని. తర్వాత చూపుడువేలితో మోనో బటను నొక్కింది. ఆ బటను నొక్కితే కుడీ ఎడమా అని విడివిడిగా వచ్చే ధ్వని అంతా ఒకే ముద్దగా వస్తుంది. దాని మీది అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి.

స్టూడియోకి వచ్చే వాద్యగాళ్ళందరికీ ఆమె పిన్నే. యాభై ఏడేళ్ళ మనిషి. పొట్టిగా, భుజాలు కొంచెం ముందుకు వంగి ఉంటుంది. ఏళ్ళ తరబడి టంకం వేడికి వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట వైర్లు చుట్టే పనికి చేరింది, తర్వాత అతికే పనికి మారింది, ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే ఈ కుర్చీలోకి వచ్చేసింది. కచేరీలకి ఎవరి బండి బయల్దేరినా సామాను ఎక్కించి, మెట్ల మీద నిలబడి, అది సందు మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చేది. తను సరిచేసిన ధ్వనులు ఎన్ని ఊళ్ళు తిరిగాయో ఆమెకు తెలియదు. మనుషులతో నిండిన పెద్ద హాల్లో అవి ఎలా ఉంటాయో ఒక్కసారీ వినలేదు. వినాలని ఉందని ఎవరితోనూ అనలేదు కూడా.

ఆవాళ నాలుగింటికి ఇంకో బండి బయల్దేరబోతోంది. ఇరవై ఆరు రోజులు, పదకొండు ఊళ్ళు. అందులో ఒక సీటు ఖాళీగా ఉంది.

ఆ బండిలో వెళ్ళే జట్టుకి నాయకుడు గిటారు వాయిస్తాడు. తలుపు చట్రానికి తల తగిలేంత మనిషి కనక అతన్ని అందరూ పొడుగాయన అంటారు. అతని దగ్గర పలకంత పెట్టె ఒకటుంది. అందులో పాతకాలపు ఆంప్లిఫయర్ల అనుకరణలు డజన్లకొద్దీ ఉంటాయి. ఇంట్లో కూర్చుని వాటిల్లో రెంటిని కలిపాడు. ఒకటి తేటగా పలుకుతుంది, రెండోది గరగరలాడుతుంది. దేనికది వింటే బ్రహ్మాండం. అక్కడ ఒకటి ఎడమ స్పీకరుకీ ఒకటి కుడి స్పీకరుకీ పంపితే గోడలు వెనక్కి జరిగినట్టుండేది. నిన్న పరీక్షకని ఒక హాల్లో పెట్టిచూస్తే గిటారు ఉన్నట్టుండి నీరుగారిపోయింది. జట్టు సౌండు మనిషి రెండో ఆంప్ పెంచాడు. ఇంకా పలచబడింది. మళ్ళీ పెంచాడు. పెంచేకొద్దీ తగ్గుతోందని అతను నెత్తీనోరూ కొట్టుకుంటే, పొడుగాయన నలుగురిలో “నీకేమైనా చెవుడా?” అన్నాడు. ఆ మనిషి వైర్లు అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. నాలుగులోపు ఎవరినైనా వెతికి పెట్టమని జట్టు వాళ్ళు స్టూడియో ఓనరుని పట్టుకున్నారు.

పొద్దున ఓనరుకి ఇదంతా చెబుతున్నప్పుడు పిన్ని గుమ్మం దగ్గర వైరు చుడుతోంది. చెవుడా అన్న మాట దగ్గర ఆమె చేతులు ఆగాయి.

పన్నెండేళ్ళ కిందట ఒక ఉదయం, ఎడమ చెవి దిండుకి ఆనించి పడుకున్న పిన్ని మెలకువ వచ్చి చూస్తే అలారం మోగలేదు. గడియారం చచ్చిందనుకుంది. వెల్లకిలా తిరిగింది. అది మోగుతూనే ఉంది. డాక్టరు కుడి చెవి నరం పోయిందన్నాడు. ఆ సంగతి తెలిసింది కలిసి ఉంటున్న అక్కకొక్కతికే. రోడ్డు మీద నడిచేటప్పుడు అక్క మాట్లాడకుండా ఎడమవైపుకి వచ్చేది. స్టూడియోలో మాత్రం పిన్ని తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. చెవి పోయిన మనిషిని ఈ కుర్చీలో ఎవరు ఉండనిస్తారు? మోనో బటను ఎందుకు నొక్కుతావని ఎవరైనా అడిగితే అలవాటని చెప్పేది. నిజానికి ఆమె లోకంలో కుడీ ఎడమా కలిసిపోయి పన్నెండేళ్ళయింది. హాల్లో కూడా అన్నీ కలిసిపోయే వస్తాయి. కాబట్టి పొడుగాయన మొదటి తీగ మీటగానే, నిన్న హాల్లో మిగతావాళ్ళు పట్టుకోలేనిది ఆమె ఒక్క నిమిషంలో వింది.

గుండె ఎగిరిపడింది. భయంతో కాదు. పొదలో ఏదో కదిలితే వేటగాడికి కలిగే జలదరింపు అది. “తప్పు హాలుది కాదు బాబూ,” అంది.

ఆ చిన్న స్పీకర్లో వింటే ఏనుగు కూడా ఎలుకలా కీచుమంటుందని ఓనరు కొట్టిపారేశాడు. పిన్ని వాదించలేదు. ముందు రెండు ఆంప్‌లనీ ఒకదాని తర్వాత ఒకటి మోగించి, మీటరు ముల్లు రెంటికీ ఒకేచోట ఆగేలా సర్దింది. గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది. అది చెవి చేసే మోసం, ముందు దాన్ని ఆపాలి. తర్వాత రెంటినీ కలిపి మోగించింది. ఇద్దరు కలిసి మోస్తే బరువు పైకి లేవాలి. ముల్లు కిందికి పడింది. ఓనరు ముందుకు వంగి చూశాడు. రెండోదాన్ని పూర్తిగా ఆపేసింది. ముల్లు పైకి లేచింది.

పొడుగాయనకి విడమరిచి చెప్పింది. ఉయ్యాలని ఒకడు ముందుకు తోస్తుంటే రెండోవాడు ఎదురుగా నిలబడి వెనక్కి తోస్తున్నాడు. వాడికి బలం పెంచితే ఉయ్యాల ఆగిపోతుంది గాని ఊగదు. రెండో ఆంప్‌ని తిరగేసే మీట నొక్కింది. లావు తీగలకి బలం వచ్చేసింది. పొడుగాయన మొహం వెలిగింది, చాలు పిన్నీ అన్నాడు. అప్పటికి ఒంటిగంట. అతని జట్టు వాళ్ళు బండిలో డ్రమ్ములు సర్దుతున్న చప్పుడు కింద నుంచి వస్తోంది.

పిన్నికి చాల్లేదు. గొట్టంలో నోరుపెట్టి మాట్లాడినట్టు మధ్య తీగల్లో ఏదో డొల్లగా ఉంది. దొంగ ఒక్కడు కాదు, ఇద్దరు. పెట్టెలోని అమరికలన్నీ ఒక్కొక్కటే ఆర్పుతూ పోయింది. రెండో ఆంప్ స్పీకరు అనుకరణ ఆర్పగానే డొల్లతనం మాయమైంది. దాని లోపలికి వెళ్ళి చూసింది. మొదటి దాంట్లో మైకు స్పీకరుకి అంగుళం దూరంలో ఉంది, రెండో దాంట్లో అడుగు పైన ఉంది. లేని మైకు, లేని స్పీకరు, వాటి మధ్య లేని దూరం. అయినా ఆ అడుగు దాటి రావడానికి ధ్వనికి సెకనులో వెయ్యో వంతు పడుతోంది. ఉయ్యాలని తోసేవాడు ఇప్పుడు సరైన వైపే ఉన్నాడు, కాని ఆలస్యంగా వస్తున్నాడు.

“ఎవరు పెట్టారిది?” అంది.

పొడుగాయన మెడ గోక్కున్నాడు. “నేనే. కొంచెం గాలి ఆడినట్టుంటుందని.”

“గాలి బాగానే ఆడింది. గిటారే ఎగిరిపోయింది.”

ఓనరు పగలబడి నవ్వాడు. మైకు దగ్గరికి జరిపితే సరిపోతుంది, కాని అతనికి ఇష్టమైన ఆ గాలి పోతుంది. పిన్ని మొదటి ఆంప్‌నే ఆ కాస్త ఆగి రమ్మనాలనుకుంది. ఎంత ఆగాలి? ఇక్కడ ఆమె చేసిన పని చూసి ఇద్దరికీ మతిపోయింది. సరిచేసిన మీటని మళ్ళీ తప్పు వైపు తిప్పేసింది. గిటారు పీలగా అయిపోయింది. ఆలస్యాన్ని ఒక్కో మెట్టు పెంచుతూ అదే తీగ వాయించమంది. పీలది ఇంకా పీలదైంది. బాగుపడిందాన్ని పాడుచేస్తోందని ఓనరు గొణిగాడు. టైము మూడుంపావు. పిన్ని వినిపించుకోలేదు. ధ్వని ఎక్కడ బాగుంటుందో చెవి కచ్చితంగా చెప్పలేదు, ఎక్కడ చచ్చిపోతుందో మాత్రం చెప్తుంది. ఆమె ఆ చోటు కోసం వెతుకుతోంది. కళ్ళు మూసుకుంది. ఒక మెట్టు. ఇంకొకటి. గిటారు దోమ రొదలా మారింది. ఇంకో మెట్టు వేస్తే కాస్త లావెక్కింది. ఒక మెట్టు వెనక్కి వచ్చింది. అదే.

“ఇప్పుడు గట్టిగా వాయించు,” అని, అతని చెయ్యి తీగలకి తగిలే క్షణాన మీట తిప్పింది.

చిన్న స్పీకరు బల్లతో సహా అదిరింది. తేటదీ గరగరదీ ఒకే గొంతై లేచాయి. మీటరు మీద ఎర్రదీపం వెలిగింది. పొడుగాయన చేతులు ఆపి, పిన్ని వంక చూసి, మళ్ళీ వాయించాడు. పిన్ని నవ్వుతోంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. కలిసొచ్చాక ఇంత అరవక్కర్లేదంటూ రెంటినీ సమంగా తగ్గించింది. ఎర్రదీపం ఆరింది.

అతను గిటారు దించి, “మీరే బండెక్కండి పిన్నీ,” అన్నాడు.

ఆ మాట కోసమే ఆమె పొద్దుటి నుంచి ఊపిరి బిగబట్టుకుని ఉంది. తీరా వచ్చాక ఊ అనలేకపోయింది. ఇరవై ఆరు రోజులు దాచొచ్చు. పన్నెండేళ్ళు దాచిన మనిషికి అదొక లెక్క కాదు. కాని నిన్న చెవుడా అనిపించుకుని వెళ్ళిపోయినవాడి సీట్లో నోరు మూసుకుని కూర్చోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

“నాకు కుడి చెవి వినపడదు బాబూ. పన్నెండేళ్ళయింది.”

ఓనరు తన కుర్చీ వంక చూసుకున్నాడు. “పన్నెండేళ్ళుగా నేను నీ కుడిపక్కనే కూర్చుని మాట్లాడుతున్నానే.”

“అందుకే మీరు చెప్పినవి సగం చెయ్యలేదు.”

పొడుగాయన నవ్వలేదు. తను నిన్న అన్న మాట గుర్తొచ్చి మొహం కందిపోయింది. ఆ సౌండు మనిషికి ఫోను చేసి క్షమించమని అడుగుతానన్నాడు. గిటారు పెట్టె మూత బిగిస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

“హాల్లో మీ బల్ల ఏ వైపు వేయించమంటారు?”

“కుడి చివర,” అంది పిన్ని. “ఎడమ చెవి నడిమికి ఉండాలి.”

అక్కకి ఫోను చేసింది. నాలుగు జతల బట్టలూ స్వెట్టరూ సర్ది ఉంచుతానంది అక్క, దారిలో తీసుకెళ్ళమంది. కుడివైపు నుంచి పిలిస్తే పలకవు, వాళ్ళకి ముందే చెప్పమంది. చెప్పేశానంటే, అయితే ఇంకో జత కూడా పెడతానంది.

నాలుగూ పదికి బండి కదిలింది. ఈసారి మెట్ల మీద ఓనరు నిలబడ్డాడు. అది మలుపు తిరిగాక మేడెక్కి, గదిలో ఒక్కో స్విచ్చీ ఆర్పుకుంటూ తలుపు దాకా వచ్చాడు. పక్కన కొక్కేనికి పిన్ని హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి. ఎడమ దిండు తోలు ఊడిపోయి, లోపలి స్పాంజి చెవి ఆకారంలో గుంటపడి ఉంది. కుడి దిండు మీద కొన్ననాటి నలుపు ఇంకా నిగనిగలాడుతోంది.