మూడు చప్పట్లు

పదిన్నరకి ఇంకా మూడు నిమిషాలుందనగా చప్పట్లాయన అరచేతులు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. చల్లటి చేతులు సరిగ్గా మోగవు. చెమట పట్టిన చేతులు మోగుతాయి గాని, తడిబట్ట ఉతికినట్టుంటుంది. చేతులు వెచ్చగా, పొడిగా ఉండాలి. అందుకని జేబులో ఎప్పుడూ ఒక పాత చొక్కా ముక్క ఉంచుకుంటాడు. దానితో ఎడమ అరచెయ్యి తుడుచుకుని, కుడి అరచెయ్యి తుడుచుకుని, ముక్కను నాలుగు మడతలు పెట్టి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

కోట సింహద్వారం దాటగానే పెద్ద గుమ్మటం, దాని కింద నేల మధ్యలో ఒక గుండ్రటి రాయి. ఆ రాయి మీద నిలబడి చప్పట్లు కొడితే రెండువందల తొంభై మెట్ల పైనున్న రాజుగారి మేడలో వినపడుతుంది. పూర్వం పగవాళ్ళు వస్తే కాపలావాడు ఇక్కడ కొట్టేవాడట, అక్కడ రాజుగారు నిద్ర లేచేవారట. రాజులు పోయారు, పగవాళ్ళూ పోయారు. కోట చూడవచ్చే జనం మాత్రం వస్తూనే ఉన్నారు. వాళ్ళంతా మెట్లెక్కి పైకి పోతే కింద కొట్టడానికి ఒక మనిషి కావాలి కదా. ఆ మనిషి ఈయన. వారానికి ఆరు రోజులు, అరగంటకోసారి, మూడు చప్పట్లు. ఇరవై ఏడేళ్ళుగా అదే పని.

గుమ్మటం కింద నిలబడితే మేడ కనపడదు. అందుకని ముందు ఎనిమిది అడుగులు బయటికి నడిచి తలెత్తి చూడాలి. పైన పిట్టగోడ దగ్గర గైడు తెల్ల తువ్వాలు ఒకసారి ఊపితే, జనం సిద్ధంగా ఉన్నారని అర్థం. లోపలికి వచ్చి మూడు కొట్టి, మళ్ళీ బయటికి వెళ్ళి చూడాలి. తువ్వాలు రెండుసార్లు ఊగితే వినపడిందని అర్థం. ఉద్యోగమంతా ఇంతే. ఆడుతూ పాడుతూ చేసే పని అని అందరూ అంటారు. ఒకసారి కోట చూడవచ్చిన ఒక పెద్దమనిషి సరదాగా జాతకం చెబుతానని ఆయన చెయ్యి పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, గీతలన్నీ అరిగిపోయాయి, ఇక ఏం చెప్పేదని వదిలేశాడు. టికెట్లు చించే మనిషి ఈ ముచ్చట పదేళ్ళుగా చెప్పి నవ్విస్తున్నాడు.

ఆయన కూతురు చిన్నప్పుడు బడిలో, మీ నాన్న ఏం చేస్తారంటే, చప్పట్లు కొడతారని చెప్పింది. క్లాసు క్లాసంతా చప్పట్లు కొట్టారు. ఏడుస్తూ ఇంటికొచ్చిన పిల్ల మర్నాటినుంచీ ప్రభుత్వ ఉద్యోగి అని రాయడం నేర్చుకుంది. అదీ పూర్తిగా నిజం కాదు. ఇరవై ఏడేళ్ళయినా ఆయన పేరు తాత్కాలికుల పట్టీలోనే ఉంది. ఇప్పుడు ఆ పిల్లకే పిల్లలు. తాతగారు ఏం చేస్తారని వాళ్ళు అడిగితే ఏం చెబుతుందో మరి.

నాలుగు నెలల కిందట గుమ్మటానికి మరమ్మతు చేశారు. పగుళ్ళిచ్చిందని లోపలి పాత డంగుసున్నమంతా గీకేసి సిమెంటు పూశారు. ఇంకో నూరేళ్ళు ఢోకా లేదని మేస్త్రీ చెప్పాడు. అది నిజమే కావచ్చు. కాని పరంజా విప్పిన రోజున రాయి మీద నిలబడి మొదటి చప్పట కొట్టగానే ఆయనకు ఏదో తేడా తెలిసింది. పాత రోజుల్లో కొట్టిన చప్పుడు పైకెళ్ళి నెత్తిమీద దిగేది, పైన ఇంకెవరో ఉండి తిరిగి కొట్టినట్టు. ఇప్పుడు చేతుల్లో పుట్టి చేతుల్లోనే చచ్చిపోతోంది.

పైన గైడు ఆయన భార్యకు తమ్ముడే. పెద్దవాళ్ళ కాళ్ళూ వేళ్ళూ పట్టుకుని ఆ ఉద్యోగం ఇప్పించింది ఈయనే. రెండుసార్లు అడిగాడు, పైకి వినపడుతోందా అని. ఎందుకు వినపడదు బావా, గణగణ మోగుతోంది అన్నాడు బావమరిది. ఆ మాటతోనే అనుమానం మొదలైంది. చప్పట్లు గణగణ మోగవు.

ఇంకొకటి కూడా ఉంది. మొదట్లో ఆయన కొట్టి బయటికొచ్చాక తువ్వాలు వెంటనే ఊగేది కాదు. పైన జనం వినాలి, ఉలిక్కిపడాలి, ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వాలి, గైడూ నవ్వాలి. కింద ఆయన ఆరు లెక్కపెట్టేవాడు. అప్పుడు ఊగేది. ఈ నాలుగు నెలలుగా ఆయన బయట అడుగు పెట్టేసరికే తువ్వాలు ఊగుతూ ఉంటోంది.

పదిన్నరయింది. బయటికి నడిచి చూశాడు. తువ్వాలు ఒకసారి ఊగింది. లోపలికి వచ్చి రాయి మీద నిలబడి చేతులెత్తాడు. రెండు అరచేతుల మధ్య జానెడు దూరం ఉండగా ఆగిపోయాడు. ఇరవై ఏడేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. కొట్టలేదు. చేతులు దించేసుకుని, ఎనిమిది అడుగులు బయటికి నడిచి తలెత్తాడు.

తువ్వాలు రెండుసార్లు ఊగింది.

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది. బావమరిది ఆడిన అబద్ధం వాడి పొట్ట కోసం కాదు, ఈయన పొట్ట కోసం. వినపడని చప్పట్లకు మనిషెందుకని కోట ఆఫీసులో ఒకే ఒక్క మాట అంటారు, దానితో సరి. పైనున్న జనంతో వాడెలా నెగ్గుకొస్తున్నాడో కూడా ఊహించగలిగాడు. విన్నారా అని అడుగుతాడు. పదిమందిలో తనొక్కడే చెవిటివాడు కావడం ఎవరికిష్టం? అందరూ తలలూపుతారు. అంతా అర్థమైంది గాని, అర్థమైనందువల్ల బాధేం తగ్గలేదు. నాలుగు నెలలుగా పిచ్చివాడిలా గోడలకేసి కొడుతున్నానన్నమాట అనుకున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

పదకొండుకి కొట్టాడు. పదకొండున్నరకి కొట్టాడు. పన్నెండుకి అరచేతులు కందిపోయేలా కొట్టాడు. మూడుసార్లూ తువ్వాలు వెంటనే ఊగింది. అయినా మనసులో ఒక మూల చిన్న ఆశ మిగిలింది. వాడు అలవాటుగా ఊపేస్తున్నాడేమో, చప్పుడు మాత్రం పైకి వస్తోందేమో. తేల్చుకోవాలంటే పైకెళ్ళి వినాలి. ఇన్నేళ్ళలో ఆయన అది ఒక్కసారీ వినలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు కాదు, వినాలనే ఉండేది. కాని తను పైనుంటే కింద కొట్టేదెవరు? ఎవరో ఒకరు కొడతారు గాని, అది తన రాయి, తన పని. ఇంకొకరి చేతికివ్వడానికి మనసొప్పలేదు. తర్వాత గుండెలో నొప్పి మొదలైంది, మెట్ల జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు, అంతటితో ఆ ఊసే మానేశాడు.

పన్నెండున్నరకి భార్య క్యారేజీ తెచ్చింది. ఆమె చొక్కాల కంపెనీలో గుండీలు కుడుతుంది. మధ్యాహ్నం గంట సెలవులో పరుగున వచ్చి, ఆయన తినేదాకా కూర్చుని, ఖాళీ గిన్నెలతో మళ్ళీ పరుగున పోతుంది. మధ్యాహ్నం ఒకటిన్నర దాకా జనాన్ని పైకి పంపరు. ద్వారం దగ్గర టికెట్లు చించే మనిషి గోడకు చేరగిలి కునుకు తీస్తున్నాడు. ఆమె మూత తియ్యబోతుంటే చప్పట్లాయన వద్దన్నాడు.

"ఇవాళ ఒంటిగంటకి నువ్వు కొట్టాలి."

"ఏం కొట్టాలి?"

"చప్పట్లు. నేను పైనుంచి వింటాను."

ఆమె మూత మీద చెయ్యి తియ్యకుండానే ఆయన మొహంలోకి చూసింది. "మెట్లెక్కితే ఏమవుతుందో డాక్టరు చెప్పినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను."

"కూర్చుంటూ కూర్చుంటూ ఎక్కుతాను. ఒక్కసారి విని దిగొచ్చేస్తాను."

"ఇన్నాళ్ళూ లేనిది ఇవాళేం ముంచుకొచ్చింది?"

ఆయన చెప్పలేదు. చెబితే తమ్ముణ్ణి తిడుతుంది, ఆ తర్వాత తమ్ముడు చేసింది మంచి పనేనంటుంది. ఈ రెండూ వినే ఓపిక ఆయనకు లేదు. ఊరికే, వినాలనుంది అన్నాడు. ఆ గొంతు విని ఆమె ఇంకేం వాదించలేదు. ముందు తిని వెళ్ళమంది. దిగొచ్చాక తింటానన్నాడు.

ఆమెను రాయి మీద నిలబెట్టి, చేతులు పట్టుకుని, అరచేతులు ఎంత లోతుగా పట్టాలో, వేళ్ళు ఎక్కడ కలపాలో చూపించాడు. సూది పోట్లతో ఆమె వేళ్ళ కొసలు గరుకుగా ఉన్నాయి. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో నలుగురు తిరిగే చోట ఆయన ఆమె చేతులు పట్టుకోవడం ఇదే మొదలు. ఎవరన్నా చూస్తే నవ్వుతారని ఆమె అంది గాని, చేతులు వెనక్కి తీసుకోలేదు. చొక్కా ముక్క ఆమెకిచ్చి, ముందు తుడుచుకోమని, తువ్వాలు ఒకసారి ఊగాక కొట్టమని చెప్పి, ఆయన మెట్ల వైపు నడిచాడు.

మెట్లు మధ్యలో అరిగి నున్నగా ఉన్నాయి. అంచుల్లో నడిస్తే కాలు జారదని గోడ పట్టుకుని ఎక్కాడు. ముప్ఫై మెట్లకోసారి కూర్చున్నాడు. నూటయాభై దాటాక ఎడమ చెయ్యి బరువెక్కింది, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పొద్దుట ఎక్కి ఆలస్యంగా దిగుతున్న ఒక జంట ఆయన వాలకం చూసి ఆగారు. ఇంత కష్టపడి ఎక్కి చూసేందుకు పైన ఏమీ లేదని దయతో చెప్పారు. చూడ్డానికి కాదు బాబూ, వినడానికి అన్నాడు. వాళ్ళకు అర్థం కాలేదు, సరేనని దిగిపోయారు.

పైన పిట్టగోడ నీడలో బావమరిది అన్నం తింటున్నాడు. ఈయన్ని చూసి నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని లేచి నిలబడ్డాడు. అతని మొహం చూస్తేనే సగం జవాబు తెలిసిపోయింది. చప్పట్లాయన గోడ మీదున్న తువ్వాలు అందుకున్నాడు. కిందినుంచి చూస్తే మల్లెపువ్వులా ఉండే తువ్వాలు మాసిపోయి, ఒక మూల చిరిగి ఉంది.

కింద పాత ఊరి ఇళ్ళ కప్పులన్నీ ఎండలో పరుచుకుని ఉన్నాయి. సింహద్వారం ముందు గోరంత నీలి చుక్క. ఆమే. తువ్వాలు ఒకసారి ఊపాడు. చుక్క లోపలికి వెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు చేతులు తుడుచుకుంటుంది, ఇప్పుడు ఎత్తుతుంది, ఇప్పుడు ఒకటి, రెండు, మూడు. ఎక్కడో రోడ్డు మీద హారను మోగింది. మేడ లోపల పావురం రెక్కలు విదిలించింది. తన ఊపిరి తనకు వినపడింది. అంతకు మించి ఇంకేమీ వినపడలేదు.

"గాలి ఎదురు తిరిగింది బావా," అన్నాడు బావమరిది.

"గాలి లేదురా."

నీలి చుక్క బయటికి వచ్చింది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. బావమరిది గబుక్కున తువ్వాలు కోసం చెయ్యి చాచాడు. చప్పట్లాయన ఇవ్వలేదు. పెదవులు కదుపుతూ ఆరు లెక్కపెట్టి, అప్పుడు తనే తువ్వాలు రెండుసార్లు ఊపాడు. కింద చుక్క రెండు చేతులూ పైకెత్తి ఊపింది. ఆమెకు అంత సంతోషం కలిగి ఎన్నేళ్ళయిందో ఆయనకు గుర్తు రాలేదు.

"నువ్వు తొందరపడుతున్నావురా," అన్నాడు, ఊపిరందక ఆగి ఆగి. "వినపడ్డాక జనం ఉలిక్కిపడాలి, నవ్వాలి. దానికి కొంత సేపు పడుతుంది. ఆరు లెక్కపెట్టి ఊపు. లేకపోతే కిందవాడికి తెలిసిపోతుంది."

బావమరిదికి ఏడుపొచ్చింది. ఏదో చెప్పబోయాడు. తర్వాత మాట్లాడుకుందాం, కాసిని మంచినీళ్ళు తెమ్మని, చప్పట్లాయన తువ్వాలు గోడ మీద వేసి, కిందికి జారి పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుళాయి ముప్ఫై మెట్ల కింద ఉంది. బావమరిది చేతులు కూడా కడుక్కోకుండా సీసా పట్టుకుని పరుగెత్తాడు.

తిరిగొచ్చేసరికి ఆయన తల పక్కకు వాలి ఉంది. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి, కందిపోయి, గీతలు లేకుండా. బావా అని పిలిచాడు. భుజం పట్టుకుని కుదిపాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, సీసా మూత మళ్ళీ బిగించి, దాన్ని ఆయన పక్కన పెట్టాడు.

లేచి గోడ మీదనుంచి చూస్తే కింద అక్క ఇంకా అక్కడే ఉంది. కాళ్ళ దగ్గర క్యారేజీ. ఆయన దిగొస్తాడని మెట్ల వైపు చూస్తోంది, మధ్యమధ్య మేడ వైపు చూస్తోంది. తెలియకుండానే అతని చెయ్యి తువ్వాలు అందుకుంది. ఒకసారి ఊపితే కొట్టమని, రెండుసార్లు ఊపితే వినపడిందని. మూడో మాట దానికి ఎవరూ నేర్పలేదు. ఎత్తిన తువ్వాలు పిట్టగోడ మీద పడేసి, అతను మెట్ల వైపు పరుగెత్తాడు.

కిందినుంచి చూస్తున్న ఆమెకు తువ్వాలు ఒకసారి ఊగినట్టు కనపడింది. మళ్ళీ వినాలనుంది కాబోలు అనుకుని నవ్వుకుంది. లోపలికి వెళ్ళి రాయి మీద నిలబడి, చొక్కా ముక్కతో రెండు అరచేతులూ తుడుచుకుని, ఆయన చూపించినట్టే చేతులు లోతుగా పట్టి, మూడు చప్పట్లు కొట్టింది. ఎనిమిది అడుగులు బయటికి వచ్చి తలెత్తింది. పైన పిట్టగోడ మీద, చిరిగిన మూల కిందికి వేలాడుతూ, తెల్ల తువ్వాలు కదలకుండా ఉంది.