మేకు లేని అడ్డుగోడ

నేను వడ్రంగిని. ఇరవై ఏళ్ళుగా తలుపులు, మంచాలు, బల్లలు చేస్తున్నాను. పడిపోతుందని తెలిసి తెలిసీ చేసిన వస్తువు ఒక్కటే, అది మా సంఘం మందిరంలో నిలబెట్టిన అడ్డుగోడ. దాని గురించి చెప్పాలంటే ముందు నా నోటిదూల గురించి చెప్పుకోవాలి.

ఒక ఆదివారం మా పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తున్నారు. ఆయన మొదలుపెడితే లోకంలోని రోగులందరూ లేచి కూర్చునేదాకా ఆపరు. చివరికి ఆమెన్ అనగానే మాస్టారు లేచి నిలబడ్డారు. ఈయన బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, సంఘంలో పెద్ద.

"అయ్యగారూ, ఒక్క మాట. మన టైలరు ప్రార్థనంతసేపూ కళ్ళు తెరుచుకునే కూర్చున్నాడు. ఇదేం పద్ధతి?"

టైలరు కూడా సంఘంలో పెద్దే. ఊరుకుంటాడా? "అది మీకెలా తెలిసింది మాస్టారూ?"

"నేను చూశాను."

"కళ్ళు మూసుకునే చూశారా?"

"నువ్వు తెరిచావో లేదో చూద్దామని తెరిచాను. అది వేరు!"

అక్కడికి నవ్వుకుని ఇళ్ళకి పోతే సరిపోయేది. పోలేదు. చిలికి చిలికి గాలివాన అయింది. ప్రార్థనలో కళ్ళు మూసుకోవాలని కొందరు, తెరిస్తే తప్పేంటని కొందరు. ఆ పై ఆదివారం విచారణ పెట్టారు. ఆ రోజు ఒక్కొక్కరూ లేచి ఎవరెవరు కళ్ళు తెరిచారో సాక్ష్యం చెప్పారు. సాక్ష్యం చెప్పిన ప్రతివాడూ తనూ తెరిచినట్టు ఒప్పుకుంటున్నాడని ఎవరికీ తట్టలేదు. మాస్టారు అన్నీ కాగితం మీద రాసుకున్నారు. మధ్యాహ్నానికి చంటిపిల్లలు తప్ప సంఘమంతా ఆ జాబితాలో ఉంది.

చంటిపిల్లలు కాక మిగిలింది ఒక్క మా అక్క. సంఘంలో ప్రార్థన అంటే అక్క పేరే చెబుతారు. కళ్ళు అంత గట్టిగా మూసుకుంటుంది, నుదురంతా ముడతలు పడతాయి. మా అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు, అక్కకి పదిహేను. నాకు స్నానం పోసింది, బడికి పంపింది, ఈ పనిలో చేర్చింది, నా పెళ్ళి చేసింది. ఇప్పటికీ మాతోనే ఉంటుంది.

"నువ్వెవర్నైనా చూశావా?" అని మాస్టారు నన్నడిగారు.

నేను లేచి, "మా అక్కనే చూశానండీ. ఒక కన్ను తెరిచింది," అన్నాను.

అబద్ధం కాదు. పైకప్పు దూలాలు ఏ చెక్కో చూస్తూ చూస్తూ తల దించేసరికి అక్క ఒక కన్ను తెరిచి ఉంది. అక్కే తెరిస్తే ఇక తగువేముంది, అందరూ నవ్వేసి లేస్తారని నా ఉద్దేశం. నవ్వారు కూడా. తగుదునమ్మా అని నేనూ నవ్వాను. అక్క మాత్రం సంచీ తీసుకుని, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచింది.

ఆ రోజు నుంచి అక్క నాతో మాట్లాడలేదు. అలిగి పడుకునే రకం కాదు. వంట చేస్తుంది, వడ్డిస్తుంది. వడ్డించి, వంటింట్లో నేను చేసిన స్టూలు వైపు తిరిగి, "స్టూలూ, అన్నం చల్లారిపోతుందని చెప్పు," అంటుంది. మా ఆవిడ మొదట్లో నవ్వింది. వారమయ్యాక, "ఏమండీ, వదిన కాళ్ళు పట్టుకోండి, స్టూలుతో మాట్లాడే ఇంట్లో నేనుండలేను," అంది. పట్టుకుందామనే వెళ్ళాను. అక్క స్టూలుతో, "కాళ్ళు నొప్పులేమీ లేవని చెప్పు," అంది.

అక్క పంతానికి కళ్ళు మూసుకునేవాళ్ళ జట్టులో చేరింది. నన్ను ఎవరూ అడగకుండానే తెరిచేవాళ్ళలో వేసేశారు.

రెండు జట్లూ ఒకే గదిలో ఆరాధన చేయలేమన్నాయి. ఇంకో మందిరం లేదు. కనుక మధ్యలో చెక్కగోడ కట్టాలన్నారు. నేను కట్టనన్నాను. మాస్టారు వెంటనే, "సరే, వేరే వడ్రంగిని పిలుస్తాం," అన్నారు. మా మందిరంలో వేరేవాడి ఉలి దిగడమా? ఒప్పుకున్నాను. ఇంకో ఆశ కూడా ఉంది. గోడ కడుతుంటే చూసి, అక్క తిట్టడానికైనా నోరు తెరుస్తుందేమో అనుకున్నాను.

కొలతలు తీస్తుండగా షరతులు చెప్పారు. నేల ఇద్దరిదీ కనుక నేలలో మేకు దిగకూడదు. కప్పులో దిగకూడదు. పక్కగోడలు చెరో జట్టువి, వాటిని ముట్టుకోకూడదు.

"అయితే కింద అటూ ఇటూ కాళ్ళు పెడతాను," అన్నాను.

"కాలు మా వైపు ఎంత వస్తుంది?" అన్నారు మాస్టారు.

"జానెడు."

"జానెడు మా స్థలం పోతుంది. కుదరదు."

"మాదీ కుదరదు," అన్నాడు టైలరు. నెల రోజుల్లో ఇద్దరూ ఏకీభవించిన మాట అదొక్కటే.

"మేకులూ లేక, కాళ్ళూ లేక గోడ ఎలా నిలబడుతుందండీ?"

"విశ్వాసం లేదా నీకు?" అన్నారిద్దరూ ఒకేసారి.

నాకు విశ్వాసం ఉంది, కానీ చెక్క బరువు కూడా తెలుసు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ప్రసంగపీఠం నుంచి గుమ్మందాకా మనిషిన్నర ఎత్తు గోడ చేసి నిలబెట్టాను. వదిలితే పడిపోతోంది. అప్పుడు మాస్టారే ఉపాయం చెప్పారు. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు అరచేతులు ఆనించి గోడను పట్టుకోవాలి, అంతే.

ఇక చూడండి మా సంబరం. ఒకవైపు ఎక్కువ తోస్తే గోడ అవతలివాళ్ళ మీదికి ఒరుగుతుంది. కాబట్టి రెండు జట్లూ సమానంగా తోయాలి. సమానంగా తోయడానికి వారానికి మూడు సాయంత్రాలు అందరూ కలిసి అభ్యాసం చేశారు. విడిపోకముందు వారానికి ఒక్కసారే కలిసేవాళ్ళం. చేతులు మారడానికి మాస్టారు పట్టిక రాసి గోడ మీదుగా విసిరేవారు, టైలరు దిద్ది తిరిగి విసిరేవాడు. రెండుసార్లు తడితే కాస్త తగ్గించమని, మూడుసార్లు తడితే చెయ్యి తిమ్మిరెక్కిందని గుర్తు.

పాట పాడితే జనం ఊగుతారు, ఊగితే గోడ ఊగుతుంది. అందుకని ఇరువైపులా ఒకే పాట, ఒకే వేగంతో పాడాలని తీర్మానం చేశారు. ప్రార్థనలో అటువాళ్ళు కళ్ళు మూసుకుంటారు కాబట్టి వాళ్ళకి గోడ వాలడం కనపడదు. "మాస్టారూ, మీ వైపొస్తోంది, తొయ్యండి!" అని టైలరు అరిచేవాడు. "స్తోత్రం!" అని మాస్టారు తోసేవారు. వేరుపడిన మనుషుల్లో ఇంత ఐకమత్యం నేనెక్కడా చూడలేదు.

పాపం, నలిగిపోయింది అయ్యగారు. ప్రసంగపీఠం గోడకి ఎదురుగా, సరిగ్గా మధ్యలో ఉంది. ఆయన కళ్ళు మూసుకుంటే ఇటువాళ్ళకి కోపం, తెరిస్తే అటువాళ్ళకి కోపం. "నాకు మీరందరూ కావాలి బిడ్డలారా," అని, అటువైపు కన్ను మూసి ఇటువైపు కన్ను తెరిచి ప్రార్థించడం మొదలుపెట్టారు. మూడో వారానికి ఆ కన్ను అలవాటుపడి తనంతట తానే మూసుకునేది. బజారులో ఆయన ఎదురైతే ఆడవాళ్ళు రోడ్డు దాటి అవతలికి పోయేవారు.

నాకు నవ్వు రాలేదు. ఇంట్లో స్టూలు, మందిరంలో గోడ, రెండూ నా చేత్తో చేసినవే. ఆ గోడ అవతల ఎక్కడో అక్క ఉంది. పాటలో ఆవిడ గొంతు వెతుక్కునేవాణ్ణి. ఇక ఇంతేనేమో, ఇద్దరం ఇలాగే ముసలివాళ్ళమైపోతామేమో అని భయం పట్టుకుంది.

గోడ నిలబెట్టాక అయిదో ఆదివారం దాన్ని పట్టుకునే వంతు నాకొచ్చింది. ముందు వరసలో నిలబడి అరచేతులు ఆనించాను. చూస్తే, నా మొహానికి ఎదురుగా రెండు పలకల మధ్య వేలెడు సందు. తొందరలో పచ్చి చెక్క వాడాను, అది ఎండి విడిపోయింది. నా పనిలో సందు! సిగ్గుతో చచ్చిపోయాను. ఎంత విడిందో చూద్దామని కన్ను పెట్టాను.

అవతల ఇంకో కన్ను ఉంది. ఆ కంటి పక్కన నుదుటి ముడతలు నాకు తెలుసు.

అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు. అటువైపు అందరూ కళ్ళు మూసుకున్నారు, అక్క తప్ప. నన్ను చూసి అక్క కన్ను తిప్పుకోలేదు.

"చెప్పు," అంది మెల్లగా. "ఆ రోజులాగే అందరికీ చెప్పు. మళ్ళీ నవ్వుతారు."

రెండు నెలల తర్వాత అక్క నాతో అన్న మొదటి మాట అది.

"చెప్పనక్కా. ఎవరికీ చెప్పను."

"అప్పుడెందుకు చెప్పావురా?"

"నవ్వించి తగువు తీరుద్దామనుకున్నా. బుద్ధి గడ్డి తిని అన్నాను. నువ్వెందుకు తెరిచావక్కా?"

అటు గోడ పట్టుకునే వంతు ఆ రోజు అక్కదే. గోడకి అవతల ఆవిడ చేతుల బలం నా చేతులకి తెలుస్తోంది.

"నీకు నాలుగేళ్ళప్పుడు ప్రార్థనలో నిద్రపోయి బెంచీ మీంచి పడి నెత్తి పగలగొట్టుకున్నావు. అమ్మ పోయి అప్పటికి నెలే. ఆ రోజు నుంచి ఒక కన్ను తెరిచి చూస్తూనే ఉన్నాను. పడతావేమోనని."

"నాకు నలభై దాటాయక్కా!"

"దాటితే? పడవా?"

అని కళ్ళు తుడుచుకోవడానికి గోడ మీంచి రెండు చేతులూ తీసేసింది.

గోడకి కన్నీళ్ళు తెలియవు కదా. ఇటు మేం తోస్తూనే ఉన్నాం, అటు బలం తగ్గింది, గోడ అక్క మీదికి ఒరిగింది. "మీ వైపొస్తోంది!" అని టైలరు అరిచాడు. మాస్టారు కళ్ళు మూసుకునే "స్తోత్రం!" అని తోశారు గానీ లాభం లేదు. లాగుదామంటే ఇటువైపు పట్టు లేదు, చెక్క నున్నగా చిత్రిక పట్టింది నేనే. "పట్టుకోవాలంటే అటే వెళ్ళాలి! రండి!" అని కేకేసి పరిగెత్తాను. గుమ్మం దగ్గర్నుంచి చుట్టూ తిరిగి ఇటువైపు జనమంతా, కుట్టుపని టేపు మెడలో వేలాడుతున్న టైలరుతో సహా, అటువైపుకి దూరారు. గోడ మా నెత్తుల మీదికొచ్చి ఆగింది. సంఘమంతా దాని కింద చేతులెత్తి నిలబడ్డాం.

అయ్యగారి మూసిన కన్ను ఇప్పుడు మేమున్న వైపు, తెరిచిన కన్ను మేం వదిలొచ్చిన వైపు. ఆ కంటికి ఉన్నట్టుండి ఖాళీ బెంచీలు కనపడ్డాయి. "ప్రభువా, నా బిడ్డలేరీ?" అని ఆయన పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నెల రోజుల్లో మొదటిసారి రెండు కళ్ళూ తెరిచి చూసి, మమ్మల్నందరినీ ఒకేచోట చూసి, ఏడ్చేశారు.

"ఒకటి, రెండు, మూడు," అని లెక్కపెడుతూ గోడను నేల మీదికి దించాం. మాస్టారూ టైలరూ ఒకే పలక పట్టుకుని దించారు.

దించాక మాస్టారు చేతులు దులుపుకుని, "దీన్ని మళ్ళీ నిలబెట్టాలంటే..." అన్నారు.

"కాళ్ళు పెట్టాలి," అన్నాను.

"ఎవరి వైపు?" అన్నాడు టైలరు. అప్పటికి అందరం ఒకే వైపున ఉన్నాం. మాస్టారు గోడ అంచు మీద కూర్చున్నారు. టైలరు వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాడు.

నేను అక్క దగ్గరికి వెళ్ళాను. అక్క నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. గట్టిగానే వేసింది. హాయిగా ఉంది.

"ఆమెన్ అనలేదింకా. కళ్ళు మూసుకో," అంది.

నేను మూసుకున్నాను. అక్క మూసుకుందో లేదో చూడలేదు.