కనీసం అరవై మంది ఉండాలి

రాహేలమ్మ రెండు మోకాళ్ల మీద రెండు చేతులు ఆనించి, నా జిరాక్సు షాపు మూడు మెట్లను మూడు కొండల్లాగా ఎక్కి వచ్చింది.

"రా పెద్దమ్మా, ఏం కాపీ తీయాల?" అన్నాను.

"నాకే ఒక కాపీ తియ్యప్పా. మోకాళ్లు మాత్రం కొత్తవి వెయ్యి."

కోసిగి బస్టాండు పక్కన ఇరవై రెండేళ్లుగా షాపు పెట్టుకుని, వచ్చిన ప్రతి మనిషి మీదా ఒక మాట విసరడం నా అలవాటు. ఎదురు విసిరి గెలిచేది ఈమె ఒక్కతే. అటువంటిది, గెలిచి కూడా నవ్వకుండా బల్ల మీద కూలబడేసరికి నాకు భయం వేసింది.

"ఈ ఏడే ఆఖరు, ఓబుళేశూ. వచ్చే ఏడు సుగ్గికి నా చేత గాదు" అంది.

సుగ్గి అంటే పక్కనున్న కన్నడం వాళ్లకు పంట ఇంటికొచ్చే కాలం, సంబరం. మాకూ పంట కాలమే, కాకపోతే పంట గుంటూరు వాళ్లది, కోత మాది. దీపావళి దాటిందంటే లారీలు వచ్చి నిలబడతాయి. రాహేలమ్మది కరిగుడ్డ. ఆ ఊరు ఊరంతా మూటలు కట్టుకుని మిరపకాయల కోతకు పోతుంది. ఇళ్లకు తాళాలు, తాళాల ముందు కుక్కలూ మేకలూ దూరకుండా ముళ్లకంపలు. ఉగాది దాకా ఆ ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, ముళ్లకంపలు. వలసకూ అలసటకూ ప్రాస కుదిర్చింది ఏ కవీ కాదు, మా మండలమే.

పిల్లలను వెంట తీసుకుపోతే బడి పోతుంది. వదిలిపెట్టి పోతే తిండి పోతుంది. ఈ రెంటి మధ్య నిలబడిన మనిషి రాహేలమ్మ. భర్త చర్చిలో ఉపదేశకుడుగా చేసి పోయాక, చర్చి పక్కనున్న తన రెండు గదుల్లోనే ఏటా సుగ్గి ఐదు నెలలూ పదిమంది పిల్లలను పెట్టుకుని, వండి పెట్టి బడికి పంపిస్తుంది. ఈ ఏడు పదకొండు మంది. ఏసును మొక్కేవాళ్లు, ఈరన్నను మొక్కేవాళ్లు, అందరూ కలిసి ఆమె జొన్నరొట్టెకు మొక్కుతారు. రొట్టె తట్టాలంటే కింద కూర్చోవాలి. కూర్చుంటే ఆమె లేవలేకపోతోంది.

"ఒక వంటమనిషి, రేకులదైనా ఒక గది, పిల్లోళ్లను చూసుకునే ఆడమనిషి. ఇంతే గావల్ల. అది లేకుంటే వచ్చే ఏడు సుగ్గికి పదకొండు మందీ లారీ ఎక్కుతారు. హులిగెమ్మ బిడ్డ ఆరాధన పదో తరగతికి వస్తాంది. అది గూడా ఎక్కుతాది. ఏదో ఫౌండేషనంట గదా, రాసి అడిగితే ఇస్తారంట. రాయి."

ఆర్ద్రహస్త ఫౌండేషన్. ఆఫీసు బెంగళూరు. పేరులోనే రెండు వాన కార్తెలు ఉన్నాయి, ఆరుద్ర ఒకటి, హస్త ఒకటి. రెండూ మా మండలానికి ఎగ్గొట్టడంలో పేరుపడ్డవే. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

గ్రాంటు కోసం వాళ్లు అడిగింది అర్జీ కాదు, గ్రంథం. ఇరవై ఆరు పేజీలు. "మీ సముదాయపు బలాలు ఏవి?" అని ఒక ప్రశ్న. 'నడుములు' అని రాసి కొట్టేశాను. "మీ లక్ష్యసాధనలో ఎదురుకాగల ప్రమాదాలు ఏవి?" అని ఇంకొకటి. చదివి వినిపిస్తే రాహేలమ్మ, "మోకాళ్లు అని రాయి. నీ నోరు అని గూడా రాయి" అంది.

అందులో రెండోది అబద్ధం కాదు. మూడేళ్ల కింద ఇంకెవరో దాతలు ఊరు చూడటానికి వచ్చినప్పుడు నేను ఊరుకోలేక, "దాతలు మారతాండారు గానీ మా తలరాతలు మారలే సామీ" అన్నాను. వాళ్లు బాగా నవ్వారు. నవ్వుతూనే కారెక్కారు. మళ్లీ కనపడలేదు.

"ఈ తూరి వాళ్లు వచ్చినప్పుడు నీ నోట్లో మాట బయటికి రాకూడదు. ప్రమాణం చెయ్" అని నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది.

అర్జీ ఆగస్టులో పోయింది. జవాబు జనవరిలో వచ్చింది. ఫిబ్రవరి పదకొండున తనూజ అనే ప్రోగ్రాం ఆఫీసరు కరిగుడ్డకు వస్తుంది. సముదాయ సభ జరగాలి. సభలో పెద్దవాళ్లు కనీసం అరవై మంది ఉండాలి. లేకపోతే అర్జీ పక్కన పెడతారు.

ఫిబ్రవరిలో కరిగుడ్డలో గాలించినా పదహారు మంది దొరకరు. ఫోన్ చేశాను.

"అమ్మా, ఊళ్లో మనుషులు లేరు. లేరనే గదా మేము అర్జీ పెట్టుకున్నది!"

"నాకు అర్థమయింది సార్" అంది అవతల అలసిపోయిన గొంతు. "కానీ అరవై సంతకాలు పెట్టకపోతే సిస్టమ్ తర్వాతి పేజీకి పోనివ్వదు. డేటు మార్చడానికి లేదు. మార్చిలోపు నేను నలభై ఊళ్లు చూడాల."

రాహేలమ్మ నా ఫోన్‌లోనే హులిగెమ్మను పిలిచింది. హులిగెమ్మ కోత ముఠాకు మేస్త్రి. గుంటూరు పక్క ఏదో చేను మధ్యలో నిలబడి మాట్లాడుతోంది. దగ్గుతూ మాట్లాడుతోంది. మిరపకాయ ఘాటు ఫోన్‌లోకి కూడా వస్తుందేమో, నాకూ దగ్గు వచ్చింది.

"ఎంతమందిమి గావల్ల పెద్దమ్మా?"

"అరవై మందంట."

"ఒక పూటకే గదా? వస్తాము. చేను ఆసామి కాళ్లైనా పట్టుకుని సెలవు తీసుకుంటాము."

మీటింగులకు జనాన్ని లారీల్లో తోలడం మా జిల్లాకు కొత్త కాదు. తోలినవాళ్లు అన్నం పొట్లమూ చేతిఖర్చూ ఇస్తారు. కూలి పోగొట్టుకుని, లారీ ఖర్చు తామే వేసుకుని, తమ మీటింగుకు తామే తరలివచ్చిన జనాన్ని నేను మొదటిసారి చూశాను.

పదో తేదీ మధ్యాహ్నం దిగారు. పదకొండు పొద్దున నేను కరిగుడ్డకు పోయేసరికి ఊరిని నేను గుర్తు పట్టలేకపోయాను. ప్రతి వాకిలీ పేడతో అలికి ఉంది, ముగ్గు వేసి ఉంది. ఆడవాళ్లంతా పెట్టెల అడుగున దాచిన పట్టుచీరలు, నైలెక్సు చీరలు కట్టుకుని ఉన్నారు. చేను యజమాని ఇంటి వాడకానికి తలా ఒక సంచి మిరపకాయలు ఇచ్చాడట. అవి ప్రతి మిద్దె మీదా ఎండకు పోసి ఉన్నాయి. ఊరంతా ఎర్రగా కళకళలాడుతోంది.

"హులిగెమ్మా, వాకిళ్లలో కంపలు యాడికి పోయినాయి?" అన్నాను.

"పొయ్యిలో పెట్టేసినాము అన్నా. ఇంటికి మనిషొస్తాంటే వాకిట్లో కంప పెట్టుకుంటారా ఎవురన్నా?"

ఊరు ఖాళీ అని చెప్పే సాక్షి ఆ కంప ఒక్కటే. కానీ ఏమని చెప్పను? కరువు మాకు ఏడాది పొడుగునా ఉండేదే. పరువు ఏడాదికి ఒక్కరోజు. ఆ ఒక్కరోజు కూడా మానుకోండి అని పట్టుచీర కట్టుకున్న మనిషికి చెప్పే నోరు నాకు లేదు. ఉన్న నోటిని అప్పటికే రాహేలమ్మ దగ్గర కుదువ పెట్టి ఉన్నాను.

తనూజ పదకొండింటికి రావాల్సింది, ఒకటిన్నరకు వచ్చింది. పాతికేళ్ల పిల్ల. కళ్ల కింద నలుపు, చేతిలో ట్యాబు. కారు దిగి, "ముందు సభ పెట్టుకుందామా?" అంది.

ఊరి పెద్దమనిషి పెద్ద ఈరన్న నొచ్చుకున్నాడు. "పొద్దు తిరిగింది తల్లీ. ముందు ఇంత తిను. మాటలు యాడికి పోతాయి?"

మా పక్క ఒక పద్ధతి ఉంది. వచ్చిన మనిషి విస్తరి ముందు కూర్చున్నాక, చెయ్యి కడుక్కునేదాకా కష్టం మాట ఎత్తకూడదు. ఎత్తితే తినే ముద్దకు లెక్క అడిగినట్టు. చెయ్యి కడిగాక ఎంతసేపైనా చెప్పుకోవచ్చు, ఏడ్వవచ్చు. అంతదాకా ఏమి అడిగినా బాగుండాది అనే అనాలి.

బొబ్బట్ల మాదిరి ఓళిగలు, చిత్రాన్నం, నాటుకోడి కూర. విస్తరిలో ఖాళీ కనపడితే ఎవరో ఒకరు నింపుతున్నారు. చుట్టూ అరవై మూడు మంది నిలబడి ఆ పిల్ల తినడం చూస్తున్నారు. ఆమెకు టైం లేదు, అందుకని కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో ట్యాబు నొక్కుతూ సభ అక్కడే మొదలుపెట్టేసింది.

"మిరప బాగా వచ్చినట్టుందే ఈ ఏడు?" అంది మిద్దెల వైపు చూసి.

"బాగుండాది తల్లీ" అన్నాడు పెద్ద ఈరన్న.

"నీళ్లకు ఇబ్బంది లేదా?"

"ఏమీ లేదు. ఇంగొక ఓళిగ వెయ్యండే."

"పిల్లలను ఎవరు చూసుకుంటారు?"

"రాహేలమ్మ ఉండాది గదా. తల్లి మాదిరి చూసుకుంటాది."

నేను రాహేలమ్మ వైపు చూశాను. ఆమె గోడకు ఆనుకుని, నొప్పి కనపడనీయకుండా నిలబడి, నా నోటి వైపే చూస్తోంది. ప్రమాణం గుర్తు చేస్తున్నట్టు తల అడ్డంగా ఊపింది.

తనూజ ట్యాబు మీద వేలు ఆపింది. "అర్జీలో ఊరంతా వలసపోతారని రాశారు. అందరూ ఇక్కడే ఉన్నారే?"

పెద్ద ఈరన్న మర్యాదగా నవ్వాడు. "ఉండామమ్మా. నువ్వు వస్తాంటే మేము యాడికి పోతాము?"

ఇరవై రెండేళ్లుగా ఎవరూ అడగకుండానే మాట్లాడిన మనిషిని నేను. ఆ క్షణం ఒక్కమాట చాలు. 'వీళ్లు నిన్న లారీ దిగినారమ్మా' అనాలి, అంతే. విస్తరిలో ఇంకా సగం ఓళిగ ఉంది. ఆ పిల్ల చెయ్యి కడుక్కోనీ, అప్పుడు అందామనుకున్నాను. అందరమూ అదే అనుకున్నాం. హులిగెమ్మ అయితే చెప్పాల్సిన మాటలన్నీ లారీలో వల్లె వేసుకుంటూ వచ్చిందట.

చెయ్యి కడుక్కుంటుండగానే తనూజ ఫోన్ మోగింది. నాలుగింటికి కోడుమూరు దగ్గర ఇంకో ఊళ్లో సభ. ఇక్కడి నుంచి అక్కడికి ఎంత తొక్కినా రెండు గంటలు. పరుగు పరుగున సంతకాలు, వేలిముద్రలు వేయించుకుంది. అందరినీ మిద్దెల ముందు నిలబెట్టి ఒక ఫోటో తీసుకుంది. హులిగెమ్మ కారు వెంట నాలుగు అడుగులు నడిచి, "అమ్మా, ఒక మాట" అంది. అద్దం అప్పటికే పైకి పోయింది.

ఆ సాయంత్రమే లారీ తిరిగి గుంటూరు పోయింది.

ఉత్తరం ఏప్రిల్‌లో వచ్చింది. షాపులో కూర్చోబెట్టి రాహేలమ్మకు తెలుగులో చెప్పాను. సముదాయ భాగస్వామ్యానికి పదికి పది మార్కులు. అవసరానికి పదికి రెండు. వలస సమస్య క్షేత్రస్థాయిలో కనపడలేదు. ఊరు స్వయంసమృద్ధంగా, ఐకమత్యంగా ఉంది. ప్రస్తుతానికి గ్రాంటు లేదు. వచ్చే ఏడు మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చు. ఆనాటి ఫోటోను మాత్రం లామినేషన్ చేసి పంపించారు.

రాహేలమ్మ ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "హులిగెమ్మ చీర బాగుండాది" అంది. కాసేపటికి, "ఆ రెండు మార్కులు దేనికి ఏసినారప్పా?" అంది.

అరవడానికి తనూజకు ఫోన్ చేశాను. ఆమె ఎత్తగానే అరుపు దిగిపోయింది. వెనకాల బస్సు హారన్లు వినపడుతున్నాయి.

"మాది రాజంపేట సార్. కరువు నాకు తెలీదా? కానీ నేను చూసిందే రాయాల, అనుకున్నది రాయకూడదు. చూసింది ఏమి సార్? అరవై మూడు మంది, ముగ్గులు, మిద్దె నిండా మిరపకాయలు. ఒక్కరన్నా చెప్పింటే గదా."

"నువ్వు తింటా ఉంటివి తల్లీ" అన్నాను.

"తినకుండా ఉండాల్సింది" అంది.

"తినకుంటే అసలు మాట్లాడకపోదుము" అన్నాను. ఇద్దరికీ నవ్వు రాలేదు.

దీపావళి దాటింది. లారీ వచ్చి చర్చి ముందు నిలబడింది. రాహేలమ్మ నలుగురిని ఉంచుకుంది. తొమ్మిదీ పదీ చదివే ఆడపిల్లలు, తమ రొట్టె తాము తట్టుకోగలిగినవాళ్లు. మిగిలిన ఏడుగురి పేర్లూ ఆమె నోటితో చెప్పలేదు, వాళ్ల సంచులు తెచ్చి వరండాలో పెట్టింది. తల్లులు అర్థం చేసుకున్నారు. హులిగెమ్మ ఆరాధనను రాహేలమ్మ దగ్గర దింపి, ఐదో తరగతి కొడుకును ఎత్తి లారీలో వేసింది. వాడి పుస్తకాల సంచిని కూడా వేసింది, ఎందుకో మరి.

తాళంచెవులన్నీ రాహేలమ్మ కొంగులో పడ్డాయి. లారీ కదిలే ముందు హులిగెమ్మ పైనుంచి వంగింది.

"ఓబుళేశన్నా, అర్జీ మళ్లా రాసినావంట గదా?"

"రాసినా."

"ఈ తూరి ఆయమ్మ వస్తే మాకు ఫోన్ చెయ్యాకండి. మేము రాము."

"రావద్దు తల్లీ" అన్నాను.

అరవై సంతకాలు యాడ తెస్తావు అని ఆమె అడగలేదు. నేనూ ఆలోచించలేదు. లారీ మలుపు తిరిగాక దుమ్ము కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది.

రాహేలమ్మ హులిగెమ్మ ఇంటికి తాళం వేసి, గడప మీద చెయ్యి ఆనించి నిలబడింది. వంగలేదు కనుక గోడ పక్కన పడి ఉన్న ముళ్లకంపను కాలితో నా వైపు తోసింది. నేను దాన్ని పట్టి ఈడ్చాను. ఒక ముల్లు అరచేతిలో దిగింది. నోట్లో ఒక మాట రెడీగానే ఉంది కానీ అనబుద్ధి కాలేదు.

"అట్ల మూలకు గాదప్పా" అంది రాహేలమ్మ. "వాకిలికి అడ్డంగా పెట్టు. కారులోంచి కనపడేట్లు."